కత్తికి నూరేళ్లు నిండాలి

పాత కత్తులు సేకరించేవాళ్లు నలుగురు కలిస్తే ఉక్కు గురించో, పిడి మీది పనితనం గురించో మాట్లాడుకోవాలి. కానీ ఏ దేశంలో విన్నా వాళ్ల నోట ఒకటే పాట. కస్టమ్స్ వాళ్లు పెట్టె ఆపేశారు, కాగితాలు అడిగారు, గోదాములో పడేశారు, ఆ గోదాముకు అద్దె కూడా మా చేతే కట్టించారు అని. ఈ ఏడుపు విని విని చెవులు చిల్లులు పడ్డాయి గానీ, అవతలి పక్షం తరఫున ఒక్కరూ నోరు విప్పగా చూడలేదు. ఆ లోటు తీర్చడానికి నేను పూనుకుంటున్నాను. కస్టమ్స్ అధికారిని ఈ లోకం అర్థం చేసుకోలేదన్నది నా నిశ్చితాభిప్రాయం.

మూడొందల ఏళ్ల నాటి ఖడ్గాన్ని ఇవాళ నిజంగా పట్టించుకునేది ఎవరు? మ్యూజియం వాళ్లు అద్దాల పెట్టెలో పెట్టి కింద చీటీ అంటిస్తారు. వేలంపాట వాళ్లకు అదొక లాట్ నంబరు. కొన్నాయన గోడకు తగిలించి, దుమ్ము దులిపే విషయంలో ఇంట్లో మాటలు పడతాడు. అది లేస్తే రాజ్యాలు కూలతాయని ఇప్పటికీ మనస్ఫూర్తిగా నమ్మేవాడు భూమ్మీద ఒక్కడే మిగిలాడు, ఆయన కౌంటరు వెనకాల కూర్చుని ఉన్నాడు. ఆ కత్తి దెబ్బకు పోయినవాళ్లు కూడా దానికి అంత విలువ ఇచ్చి ఉండరు.

ఇక నిబంధనల సంగతి. సరుకుల్ని గుర్తించడానికి రెండొందలకు పైగా దేశాలు, ఆర్థిక కూటములు హెచ్ఎస్ అనే ఒకే కోడ్ పట్టికను వాడతాయి. అందులో కత్తికి రెండు చిరునామాలున్నాయి. 9307 అంటే కత్తులు, బాయొనెట్లు, బల్లేలు, వాటి ఒరలు. ఆయుధాల వాడ అన్నమాట. 9706 అంటే వందేళ్లు దాటిన పురాతన వస్తువులు. చాలా దేశాలు ఈ రెండో గడప దాటినదాని మీద సుంకమే వెయ్యవు. పాత కత్తి ఎక్కడికి పోవాలన్న అనుమానం ఎవరికీ రాకుండా 93వ అధ్యాయం మొదట్లోనే పురాతన వస్తువులు మావి కావని రాసుకుంది. ఇక్కడ పట్టేవి ఇక్కడికే రావాలని 97వ అధ్యాయం కూడా చెప్పింది. మరి గొడవెక్కడ? ఆ నోట్సు చదవాలి, అక్కడ. కంప్యూటర్లో కత్తి అని కొడితే ముందు వచ్చేది 9307. ముందొచ్చినదానికి ముందు మర్యాద చెయ్యడం సంస్కారం. నోట్సు చూపించి వాదించే సేకర్తకు ఆ సంస్కారం లేదు.

వందేళ్ల లెక్కలో ఉన్న సొగసును కూడా ఎవరూ గమనించరు. 1914లో ఒక అశ్వికదళం నడుముకు వేలాడి, చెయ్యాల్సినవన్నీ చేసిన కత్తి ఇప్పుడు సాధువు. 1935లో పరేడ్ కోసం తయారై, ఒరలోంచి బయటికి రావడమే అపురూపంగా బతికిన కత్తి రౌడీషీటర్. 99 ఏళ్ల 11 నెలల కత్తి ఆయుధం, అదే ఇంకో నెల ఓపిక పడితే కళాఖండం. పెట్టెను నెలల తరబడి గోదాములో ఉంచడం వెనక ఎంత దయ ఉందో ఇప్పుడైనా అర్థమవుతుందా? ఆ కత్తికి నూరేళ్లు నిండాలని అధికారి ఎదురుచూస్తున్నాడు. గోదాము అద్దె, అదే డెమరేజ్ అంటారా, వృద్ధాశ్రమానికి ఖర్చుండదా మరి!

అసలు తమాషా ఫారం దగ్గర మొదలవుతుంది. తయారీదారు పేరు. తయారీ దేశం. తయారైన సంవత్సరం. మోడల్, సీరియల్ నంబరు. కొత్తదా, వాడినదా. వాడి ఉంటే దేనికి వాడారు. ఈ చివరి గడిలో నిజం రాసిన సేకర్త ఇంకా పుట్టలేదు. "అలంకరణకు" అని రాస్తారు. ఎవరి అలంకరణకు ఎవరి తల పోయిందో రాయడానికి గడిలో చోటు చాలదు.

తయారీ దేశం అనేచోట జాబితా కిందికి దిగుతుంది. అందులో ఆఫ్ఘనిస్తాన్ నుంచి జింబాబ్వే దాకా అన్నీ ఉంటాయి. ఒట్టోమన్ సామ్రాజ్యం ఉండదు. సఫావిద్ పర్షియా ఉండదు. ఆస్ట్రియా-హంగరీ కావాలంటే ఏదో ఒక సగం ఎంచుకోవాలి. ఫిరంగి అనే కత్తులదైతే మరీ కష్టం. వాటి బ్లేడు యూరప్‌లో తయారై పోర్చుగీసు ఓడల్లోనో మరో విధంగానో భారతదేశం చేరింది, పిడి అక్కడి పనివాళ్లు పెట్టుకున్నారు. బ్లేడుకు ఒక దేశం, పిడికి ఒక దేశం. సేకర్త ఏది రాసినా సగం అబద్ధమే, సగం అబద్ధానికి పూర్తి జరిమానా.

తయారీదారు పేరు దగ్గర సేకర్త గుండె ఇంకా జారిపోతుంది. బ్లేడు మీద పేరుంటే సరిపోతుందనుకుంటారు అమాయకులు. సుమారు 9 నుంచి 11వ శతాబ్దం దాకా యూరప్ కత్తుల మీద ఉల్ఫ్‌బెర్హ్‌ట్ అనే పేరు పొదిగారు. రెండొందల ఏళ్లు ఒకే కమ్మరి సమ్మెట పట్టుకుని నిలబడలేడు కదా! పైగా కొన్నింటి మీద పేరులోనే అక్షరదోషాలు. జర్మనీలో పాసావ్ ఊరివాళ్లకు పరుగెత్తే తోడేలు గుర్తు ఉంటే, అదే దేశపు జోలింగెన్ పనివాళ్లు ఆ తోడేలును తమ ఊళ్లోనూ పరిగెత్తించారు. పర్షియా కత్తుల మీద పేరుమోసిన కమ్మరి అసదుల్లా పేరు ఎన్ని చేతులు చెక్కాయో లెక్కే లేదు. జపాన్‌లో దొంగ సంతకానికి గిమెయ్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. కాబట్టి ఫారం నిజాయితీగా నింపితే ఆయుధం కేసుకు తోడు నకిలీ బ్రాండు సరుకు కేసు కూడా పెట్టొచ్చు. పెట్టడం లేదంటే అధికారుల జాలిగుండె అనుకోవాలి. ఈ విషయం నేను రాశానని వాళ్లకు చెప్పకండి.

ఈ మధ్య యూరోపియన్ యూనియన్ ఇంకో మెట్టు ఎక్కింది. 2025 జూన్ 28 నుంచి, యూనియన్ బయట తయారైనది, 200 ఏళ్లు దాటినది, 18,000 యూరోలకు తగ్గనిది అయిన పురాతన వస్తువును లోపలికి తేవాలంటే, పుట్టిన దేశం నుంచి అది చట్టప్రకారమే బయటికొచ్చిందని దిగుమతిదారు సంతకం పెట్టి చెప్పాలి. దోచిన విగ్రహాలను, గుళ్ల సొత్తును ఆపడానికి పెట్టిన రూలు. దాని ఉద్దేశాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. కానీ ఒక్కసారి కత్తి వైపు నుంచి చూడండి. పాత యజమాని కిందపడితే కొత్త యజమాని వంగి తీసుకోవడం, ఆ రోజుల్లో కత్తి చేతులు మారే పద్ధతుల్లో అదొకటి. అమ్మకందారు సంతకం పెట్టే స్థితిలో ఉండడు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. దోచుకున్న కత్తికే కాగితాలు బాగుంటాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాను పడకగది కత్తిని బ్రిటిష్ జనరల్ డేవిడ్ బైర్డ్‌కు సైన్యం బహూకరించింది, ఆ సంగతి కత్తి మీదే చెక్కించారు. 2023 మేలో లండన్‌లో బోనమ్స్ వేలంలో అది దాదాపు కోటీ 40 లక్షల పౌండ్లు పలికింది. ఎవరి దగ్గర తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరికిచ్చారు, అన్నిటికీ లోహం మీదే రాతకోత. టిప్పు కాలంలోనే బజారులో సొమ్ము చెల్లించి కత్తి కొనుక్కున్న పెద్దమనిషి రసీదు దాచుకోలేదు. అందుకే ఆయన కత్తి ఇవాళ అనుమానితుల వరసలో నిలబడి ఉంది.

పిడి దంతంతో చేసిందైతే మరో శాఖ రంగప్రవేశం చేస్తుంది. అడవి జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది, దాని అనుమతి పత్రం కావాలి. ఏనుగు దంతమా, మామత్ దంతమా తేల్చడానికి అడ్డకోతలో కనిపించే గీతలు ఏ కోణంలో కలుస్తున్నాయో భూతద్దంలో చూస్తారు. 115 డిగ్రీలు దాటితే ఇప్పటి ఏనుగు, 90కి తక్కువైతే ఏనాడో అంతరించిన మామత్. బ్రిటన్ చట్టంలో 1947కు ముందు తయారైన వస్తువుకు, అందులో దంతం ఘనపరిమాణం 10 శాతం లోపుంటే, రిజిస్టర్ చేయించుకున్నాక మినహాయింపు దొరుకుతుంది. అంటే ఒకే పిడిని నిలువెత్తు కత్తికి బిగిస్తే శాతం తగ్గి గట్టెక్కవచ్చు, జానెడు బాకుకు బిగిస్తే శాతం పెరిగి ఇరుక్కుపోవచ్చు. ఏనుగును కాపాడాలంటే ఆయుధం పొడుగ్గా ఉండాలని ఇంతకాలం ఎవరికీ తట్టలేదు.

వంకర విషయానికొస్తే ఇంగ్లండ్, వేల్స్‌లో 2008 ఏప్రిల్ నుంచి 50 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న వంపు కత్తి దిగుమతి నిషేధం. పిడి పైనుంచి మొన దాకా సరళరేఖలో కొలవాలి, వంపు వెంట టేపు తిప్పకూడదు. వందేళ్లు దాటితే పరవాలేదు. చేత్తో సంప్రదాయ పద్ధతిలో చేసినదానికీ, 1954కు ముందు తయారైనదానికీ తర్వాత వెసులుబాటు ఇచ్చారు. నిటారు కత్తి జోలికి మాత్రం అప్పట్లో పోలేదు. రెండు చేతులతో ఎత్తాల్సిన నిలువు ఖడ్గం తలెత్తుకు తిరిగింది, నడుం వంగిన తల్వారు వివరణ ఇచ్చుకుంది. 2025 ఆగస్టులో నిటారు వాటిలోంచి నింజా కత్తి అనే రకాన్ని కూడా జాబితాలోకి లాగారు, సమానత్వం మెల్లగా వస్తోంది.

జపాన్ పద్ధతి నాకు మరీ నచ్చుతుంది. అక్కడ కత్తిని నమోదు చేసేది జిల్లా స్థాయి విద్యా మండలి. కత్తి దేశం దాటాలంటే సాంస్కృతిక శాఖ అనుమతి తీసుకుని, రిజిస్ట్రేషన్ కాగితం అక్కడే అప్పగించి వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీలో పోతపోసినట్టు చేసిన సైనిక కత్తులకైతే రిజిస్ట్రేషనే దొరకదు. విదేశంలో ఏ గోడ మీదైనా హాయిగా వేలాడొచ్చు గానీ, పుట్టిన ఊరు చూద్దామని వస్తే అంతే సంగతులు. ఆ దేశానికి ఈ విద్యలో అనుభవం ఎక్కువ. 1588లో అక్కడి పాలకుడు హిదెయోషి రైతుల కత్తులు లాక్కున్నప్పుడు, వాటిని కరిగించి మహాబుద్ధుడి ఆలయానికి మేకులు చేయిస్తామని, దానివల్ల ఇహంలోనూ పరంలోనూ మీకే మేలని ఉత్తర్వులో రాయించాడు. ఇప్పటి నోటీసులో "తదుపరి పరిశీలన నిమిత్తం నిలిపివేయడమైనది" అని ఉంటుంది. పుణ్యం మాట అటుంచండి, మేకుల ప్రస్తావన కూడా ఉండదు.

సేకర్తలు అన్నిటికంటే ఎక్కువగా గగ్గోలు పెట్టేది పెట్టె తెరిచే ఘట్టం గురించి. అందులోనూ అధికారిదే న్యాయం. ఆయన జేబులోంచి బాక్స్ కట్టర్ తీసి టేపు చర్రున కోస్తాడు. ఆ నిమిషంలో ఆ గదిలో అన్నిటికంటే పదునైన ఆయుధం ఆయన చేతిలోదే, కానీ దాని మీద ఏ శాఖకూ అభ్యంతరం లేదు. పక్క వరసలో 8211 కోడ్ కింద వంటింటి చాకులు కంటైనర్ల కొద్దీ వెళ్లిపోతుంటాయి, వాటి తాతముత్తాతల గురించి అడిగే నాథుడు ఉండడు. ఈయన ఒరలోంచి కత్తి దూస్తాడు, సినిమాలో చూసినట్టు చప్పుడు రాకపోయేసరికి కాస్త నిరాశపడతాడు. తర్వాత పదును ఉందో లేదో చూడ్డానికి బొటనవేలు బ్లేడు వెంట నిదానంగా, మొదలు నుంచి మొన దాకా పోనిస్తాడు. చెమటలో ఉప్పుంటుంది, కొన్నాళ్లకు ఆ వేలిముద్ర తుప్పై తేలుతుంది. జపాన్ కత్తి మెరుగు కోసం నిపుణుడు రాళ్లు మార్చి మార్చి వారాల తరబడి అరగదీసి ఉంటాడు, దాని మీద ఇప్పుడొక ప్రభుత్వ ముద్ర పడింది. దీన్ని సేకర్త నష్టం అంటాడు. నేనైతే ధ్రువీకరణ అంటాను.

ఆ తర్వాత తయారీదారు సంతకం ఎక్కడని అడుగుతాడు. అది పిడి లోపల దాగిన మొదలు భాగం మీద ఉంటుంది. చిన్న వెదురు మేకు కొట్టి తీస్తేగాని పిడి ఊడదు. తీసి చూపిస్తే అక్కడంతా నల్లటి తుప్పు. ఆ తుప్పు రంగును బట్టే తెలిసినవాళ్లు వయసు చెబుతారు, అందుకే దాన్ని శతాబ్దాలుగా ఎవరూ తుడవరు. అధికారి మాత్రం "సరుకు పరిస్థితి బాగోలేదు" అని రాసుకుంటాడు. అప్పుడు ధర చూస్తాడు. ఇంత తుప్పు పట్టిన ఇనుముకు అంత డబ్బా? ఇందులో ఏదో ఉంది! ఫైలు వాల్యుయేషన్ సెక్షన్‌కు పోతుంది. అక్కడ ఇంత గొప్ప వస్తువుకు ఇంత తక్కువ ధర వేశారేమిటని ప్రశ్నిస్తారు. రెండు అనుమానాలూ ఒకే ఫైల్లో, ఒకే ట్యాగుతో, ఏ తగవూ లేకుండా కాపురం చేస్తాయి.

ఈ మొత్తం వ్యవహారంలో తప్పు ఎవరిదో నిష్పక్షపాతంగా తేల్చాలంటే, తప్పంతా పాతకాలపు కమ్మరులది. ముందుచూపు లేని మనుషులు. అందుకే ఇవాళ కొలిమి దగ్గర కూర్చుని చేత్తో కత్తులు చేస్తున్న వాళ్లందరికీ నా విన్నపం ఏమిటంటే, ప్రతి కత్తితోపాటు తయారీ దేశం, తేదీ, పిడిలో ఎముక ఎంత శాతమో, వంపు ఎన్ని సెంటీమీటర్లో, వాడకం అలంకరణకేనని ఒక ప్రమాణపత్రం, అన్నీ మూడేసి కాపీలు తీసి ఒరలో పెట్టండి. కాగితాలు పట్టాలి కాబట్టి ఒర కొంచెం వదులుగా చెయ్యండి. దేశం పేరు మాత్రం పెన్సిల్‌తో రాయండి.