సహస్రారం శివారు ఆయకట్టులో ఉంది

మా ఇంటి ప్రహరీని ఆనుకుని ఒక కల్యాణ మండపం ఉంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అద్దె రాదు. పోయిన ఆషాఢంలో ఆ లోటు తీర్చడానికి ఒక గురువుగారు వేంచేశారు. శ్రావణం వచ్చినా కదల్లేదు. పెళ్లిళ్లున్న రోజుల్లో పైమేడకు మారుతున్నారు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు మైకు మోగుతుంది, అరవై ముక్కులు ఒక్కసారిగా బుసకొడతాయి. వెన్ను అడుగున మూడున్నర చుట్లు చుట్టుకుని నిద్రపోతున్న కుండలినీ శక్తిని లేపడం వారి సంకల్పం. లేపుకోండి, కాదనను. గోడకు ఇవతల దుప్పటి చుట్టుకుని నిద్రపోతున్న నేను ఏం పాపం చేశాను?

మొదటి రోజు ఆ చప్పుడుకు మా ఎదురింటి రొయ్యల రైతు చొక్కా లేకుండానే వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లకు ఏదో అయిందని. ఆయన చెరువు ఊరికి మూడు కిలోమీటర్ల అవతల ఉంది. భయానికి ఆ లెక్క ఎక్కడ గుర్తుంటుంది? రాత్రిపూట కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువంతా చచ్చిన రొయ్యే. గురువు తన శక్తిని శిష్యుడిలోకి దించడాన్ని శక్తిపాతం అంటారు. ఆయనకు తెలిసిన శక్తిపాతం అదొక్కటే.

శాస్త్రం తెలియకుండా మాట్లాడుతున్నానని అనుకోకండి. గోడ అవతలి ఉపన్యాసం ఉచితంగా వింటూనే ఉన్నాను. ఇడ, పింగళ నాడులు వెన్నుకు రెండు పక్కలా, నడుమ సుషుమ్న నాడి. ఆ దారిలో తామరల్లాంటి చక్రాలు: మూలాధారానికి నాలుగు రేకులు, స్వాధిష్ఠానానికి ఆరు, మణిపూరకానికి పది, అనాహతానికి పన్నెండు, విశుద్ధానికి పదహారు, ఆజ్ఞకు రెండు. అన్నిటికీ పైన వెయ్యి రేకుల సహస్రారం. కోనసీమలో పుట్టినవాడికి ఇది అర్థం కాకపోవడమేమిటి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మనం చూస్తున్నది ఇదే కదా. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, నడుమ కాలువ, కాలువ మీద లాకులు. లస్కరు తలుపు ఎత్తితే నీరు ముందుకు పోతుంది, దించితే ఆగుతుంది. గురువుగారిదీ లస్కరు ఉద్యోగమే. కాకపోతే లస్కరు జీతం ప్రభుత్వం ఇస్తుంది. ఈయన లాకు లాకుకూ విడిగా వసూలు చేస్తారు. మూడు రోజుల శిబిరం రుసుముతో మూలాధారం తలుపు ఎత్తుతారు. పైలాకు కావాలంటే పై తరగతిలో చేరాలి.

ఇక సహస్రారమంటారా, అది శివారు ఆయకట్టులో, అంటే కాలువ చిట్టచివరి పొలాల్లో ఉంది. కాలువ నిండుగా పారుతోందని ఎన్నిసార్లు చెప్పారో, దాళ్వాకు, అదే రెండో పంటకు, తన చేలోకి ఎన్ని తడులు వచ్చాయో శివారు రైతును అడగండి.

దీనివల్ల ఊళ్లో పలకరింపులే మారిపోయాయి. టీకొట్టు దగ్గర ఒకప్పుడు గోదావరికి ఎర్రనీరు ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. ఇప్పుడు "మీది ఎంతవరకు వచ్చిందండీ?" అంటున్నారు. మొన్న ఒక రిటైర్డు మేష్టారు గొంతు సవరించుకుని, "రాత్రి అనాహతం దాటిందండీ, విశుద్ధం దగ్గర ఆగింది" అన్నారు. "పులస ముల్లేమో చూసుకోండి మేష్టారూ" అన్నాడు టీకొట్టు అబ్బాయి. మేష్టారు నొచ్చుకున్నారు. పక్కనున్న కాంట్రాక్టరుగారు తనది ఆజ్ఞ దాకా వచ్చిందని ప్రకటించారు. నిరుడు చేరిన తనకు రానిది మొన్న చేరినవాడికి ఎలా వస్తుందని మేష్టారు నిలదీశారు. ఇద్దరూ అహంకారాన్ని జయించే పాఠం పూర్తిచేసినవారే. గ్లాసులు బల్లమీద పెట్టి పంచె ఎగ్గట్టేదాకా వెళ్లింది వ్యవహారం.

ఇంతకీ లేచిందని ఎలా తెలుస్తుంది? వేళ్లు తిమ్మిరెక్కడం, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుండడం, కళ్లు తిరగడం నిదర్శనాలట. అరగంట సేపు గబగబా ఊపిరి తీసి వదిలితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి ఎవరికైనా అవుతుంది ఆ మాత్రం. నిదానంగా ఊపిరి తీసుకుంటే కాసేపటికి శక్తి మళ్లీ పడుకుంటుంది. సింహాన్నీ ఏనుగునూ పులినీ మచ్చిక చేసినట్టు వాయువును మెల్లమెల్లగా లొంగదీయాలి, లేదంటే అది సాధకుణ్ణే చంపుతుందని హఠయోగ ప్రదీపిక చెబుతుంది. మన మండపంలో పులి మూడు రోజుల్లో మచ్చికవుతుంది, నాలుగోనాడు సర్టిఫికెట్టు కూడా ఇస్తారు.

పదివేల ఏళ్ల నాటి విద్య అని బ్యానరు కట్టారు. ఈ ఆరు చక్రాల చిత్రానికి అందరూ ఆధారంగా చూపే షట్చక్రనిరూపణం 1577లో బెంగాల్లో పూర్ణానందుడు రాసినది. దాన్ని 1919లో ఇంగ్లీషులోకి దించినవాడు కలకత్తా హైకోర్టు జడ్జి. మైకులో వినిపించే "సత్ నామ్", ఆ కప్పగెంతుల వ్యాయామం మాత్రం లాస్ ఏంజెలెస్ సరుకు. 1969 నుంచి అక్కడ యోగి భజన్ నేర్పిన పద్ధతి అది. ఆయన అంతకుముందు మన దేశంలో కస్టమ్స్ అధికారి. ఏ సరుకు ఎక్కడ ధర పలుకుతుందో తెలిసిన మనిషి. ఆయన 2004లో పోయారు. శిష్యురాళ్లు చేసిన లైంగిక ఆరోపణలు చాలావరకు నిజమే అయి ఉండవచ్చని 2020లో ఆయన సంస్థలే జరిపించిన విచారణ తేల్చింది. ఆ సంగతి బ్యానరు మీద పట్టలేదు.

కాసేపు నిటారుగా కూర్చుని నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలితే మనసు కుదుటపడుతుంది, రక్తపోటు కూడా కొద్దిగా దిగవచ్చు. మా తాత గోదావరి గట్టున రోజూ అలా కూర్చునేవాడు. మైకు అడగలేదు, రుసుము కట్టలేదు.

ఇంతవరకు నవ్వుకుంటూనే రాశాను. మా వీధి చివర ఒక పిన్ని ఉంది. చుట్టరికం లేదు, వరసే. పదిహేనేళ్లుగా చక్కెర జబ్బు. మణిపూరకం విచ్చుకుంటే క్లోమం దానంతట అదే పనిచేస్తుందనీ, మాత్రలు శక్తికి అడ్డు తగులుతాయనీ ఆమెకు చెప్పారు. నలభై ఒక్క రోజుల దీక్ష పట్టింది. పిల్లలకు తెలియకుండా మాత్రలు బియ్యం డబ్బాలో దాచింది. చెప్పు కరిచిన పుండు ముప్పయ్యో రోజుకు నల్లబడింది. కాకినాడలో రెండు కాలివేళ్లు తీసేశారు. దీక్షవారి వాట్సాప్ గ్రూపులో దానికి వచ్చిన సమాధానం: "శ్రద్ధ లోపించింది."

ఎవరికయ్యా లోపించింది? మోకాళ్ల నొప్పులతో, చీకట్లో, మీరు మోగించిన మైకుకు లేచి వచ్చి చల్లటి నేల మీద కూర్చున్న మనిషికా? ఆ రుసుము కట్టడానికి చెవి దుద్దులు తాకట్టు పెట్టింది, తెలుసా మీకు? మణిపూరకానికి పది రేకులని అంత గడగడా ఒప్పజెప్పేవాడికి మనిషి కాళ్లకు పది వేళ్లని తెలియదా? మందు మానమన్న ఆ నోటితోనే పోలీసు స్టేషన్లో సమాధానం చెప్పించాలి. ఫిర్యాదు ఇద్దామంటే పిన్ని వద్దంది. గురువుగారికి ఉసురు తగులుతుందట.

పిన్ని ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. నిద్ర మాత్రం నాలాగే నాలుగున్నరకు వదులుతుంది, మైకు పుణ్యమా అని. అరుగు మీద దీపం పెట్టుకుని కాలి కట్టు విప్పి, పుండు తుడిచి, కొత్త గుడ్డ చుట్టుకుంటుంది. అవతల మండపంలో "లం" అంటే ఒక చుట్టు, "వం" అంటే మరో చుట్టు.

"మూడున్నర చుట్లు సరిపోతాయంటావా అబ్బాయ్?" అని అడిగింది మొన్న.