పడవ కట్టేసుకోడానికి లైసెన్సు అక్కర్లేదని ఎవరు చెప్పారు?

"ఆటుపోట్లు వచ్చే నది ఎవరి సొత్తూ కాదు. అందులో మీ పడవ ఎక్కడైనా కట్టేసుకోవచ్చు, ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు, ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఇంజన్ లేకపోతే అసలు అడిగేవాడే లేడు. లండన్ కోర్టు తీర్పు కూడా ఉంది. మన జాలర్లను ఎవరైనా లైసెన్సు అడిగారా?"

ఇదీ విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్. కింద పున్నమి ఘాట్ ఫొటో ఒకటి. నాకు తెలిసినవాళ్లు కొందరు నాగాయలంక వైపు పాత బోటు ఒకటి కొని, రేవులో కట్టేసి, శని ఆదివారాలు అందులో గడుపుదామని లెక్కలు కూడా వేసేశారు. బాబూ, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి.

ముందు ఆ ఫొటో సంగతి. పున్నమి ఘాట్ ఉన్నది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. 1957లో పూర్తయిన బ్యారేజీని దాటుకుని సముద్రపు పోటు భవానీపురం దాకా వస్తుందా ఎక్కడైనా? అక్కడున్నది ఆపి నిలబెట్టిన నీళ్లు. పైగా వజీరాబాద్ నుంచి విజయవాడ వరకు కృష్ణ నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో భాగం కాబట్టి, ఆ మేర జెట్టీ లాంటిది కట్టాలంటే కేంద్రం వాళ్ల జలమార్గాల సంస్థ నుంచి కూడా అనుమతి తెచ్చుకోవాలి. పోటూ పాటూ చూడాలంటే కిందికి, నది పులిగడ్డ దగ్గర చీలి హంసలదీవి వైపు, నాచుగుంట వైపు పాయలుగా పోయే చోటికి వెళ్లాలి.

సరే, అక్కడికే వెళ్దాం. "ఎవరి సొత్తూ కాదు" అంటున్నారు కదా. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ మనకి అమల్లో ఉంది. నదుల గర్భం, పోటు నీరు చేరే గీతకి దిగువనున్న క్రీకుల (సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొచ్చే పాయల) అడుగు, పారే నీరు, నిలిచిన నీరు, ఇంకొకరి హక్కు రుజువైతే తప్ప అన్నీ ప్రభుత్వ ఆస్తే అని దాని రెండో సెక్షన్ చెబుతుంది. దానికంటే పాతది 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం. దాని కింద ప్రకటించిన హద్దుల్లో నదిలోనో గట్టు మీదో ఏదైనా కట్టాలంటే అనుమతి కావాలి. కరకట్ట మీద బిల్డింగుల గొడవ ఏళ్ల తరబడి పేపర్లలో చదివినవాళ్లకు ఈ చట్టం పేరు కొత్తేమీ కాదు.

ఈ మెసేజ్ అసలు తప్పు ఇంకొకటుంది. ఆటుపోట్లు ఉంటే రూల్స్ తగ్గుతాయని వీళ్ల నమ్మకం. మన దగ్గర సరిగ్గా తిరగబడి ఉంది వ్యవహారం! 2019 నాటి కోస్తా నియంత్రణ జోన్ నోటిఫికేషన్ ప్రకారం సముద్రపు ప్రభావం ఉన్న నదులు, క్రీకులు కూడా ఆ జోన్‌లోకే వస్తాయి. ఎక్కడిదాకా అంటే, ఎండాకాలంలో బాగా ఎండిన సమయంలో లీటరు నీటికి సుమారు 5 గ్రాముల ఉప్పు ఉండే చోటు దాకా. మడ అడవులైతే అన్నిటికంటే కఠినమైన కేటగిరీ. నాగాయలంక కింద ఉన్నది మడ అడవే, అందులో కొంత కృష్ణా అభయారణ్యం. అక్కడ మడచెట్టుకి మోకు వేసి బోటు కట్టేస్తానంటే ఫారెస్టు వాళ్లు చూస్తూ ఊరుకుంటారా?

ఇక లండన్ తీర్పు. ఉంది, అబద్ధం కాదు. 2013లో అక్కడి అప్పీలు కోర్టు ఇచ్చింది. బ్రెంట్‌ఫర్డ్ దగ్గర గ్రాండ్ యూనియన్ కాలువలో ఆటుపోట్లు వచ్చే చివరి ముక్క మీద కేసు. గట్టు స్థలం తన స్వాధీనంలో ఉన్న మనిషి, ఆ గట్టుకే ఆనించి, రాకపోకలకు అడ్డు లేకుండా పడవలు పెట్టుకుంటే, దాన్ని నిషేధించే చట్టం ఏదీ చూపించలేకపోయారు కాబట్టి తీసేయమనడం కుదరదంది కోర్టు. అంతవరకే. గట్టూ నీదే అయి ఉండాలి, అడ్డమూ ఉండకూడదు. దాన్ని పట్టుకుని లండన్ నది థేమ్స్ అంతా ఫ్రీ అంటే ఎలా? అక్కడ ఆటుపోట్లు టెడ్డింగ్టన్ అనే చోటు దాకే. టెడ్డింగ్టన్‌కి దిగువన ఆటుపోట్ల థేమ్స్‌లో శాశ్వతంగా మూరింగ్ (పడవ కట్టేసే ఏర్పాటు) వేసుకోవాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ లైసెన్సు కావాలి, 1968 చట్టం నుంచీ అంతే. టెడ్డింగ్టన్‌కి ఎగువన అయితే పడవకే రిజిస్ట్రేషన్. అసలు అక్కడి న్యాయం మొదటినుంచీ రెండు విషయాలను విడదీస్తుంది: నదిలో రాకపోకలకు అందరికీ హక్కుంది, దారిలో పోటు కోసమో గాలి తగ్గడం కోసమో లంగరేసి కాసేపు ఆగడం అందులో భాగమే. అక్కడే కాపురం పెట్టడం మాత్రం ఆ హక్కులో లేదు. బస్టాండులో బస్సు కోసం కూర్చోవచ్చు, మంచం వేసుకోలేం కదా. మెసేజ్ రాసినాయన మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని కలిపేశాడు.

ఇంజన్ సంగతి రెండు ముక్కల్లో. 2021 అంతర్గత నౌకల చట్టం ప్రకారం ఇంజన్ పడవకి సర్వే (అంటే పడవ తనిఖీ), రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంజన్ లేని వాటిని కూడా స్థానికంగా నమోదు చేసే ఏర్పాటు అదే చట్టంలో ఉంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోటు బోల్తాపడి 20 మందికి పైగా పోయారు, దానికి అనుమతి లేదని తర్వాత తేలింది. కాగితాల గోల ఎందుకని విసుక్కునేవాళ్లు ఆ రోజు గుర్తు తెచ్చుకుంటే చాలు.

"ఊరికే కట్టేసి ఉన్న పడవ ఎవరికి అడ్డం" అని కింద కామెంట్లు. ఈ మాట వేరే ఊళ్లో ఎవరైనా అంటే సరేలే అనుకోవచ్చు, బెజవాడలో అంటారా? 2024 సెప్టెంబరు వరదలో, నది 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతున్నప్పుడు, ఎగువన కట్లు తెగిన పెద్ద ఇసుక బోట్లు వచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకుని కౌంటర్ వెయిట్లు (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మలు) పగలగొట్టాయి. క్రేన్లతో లాగితే కదల్లేదు, డైవర్లను దింపి ముక్కలు కోయించాలని చూశారు, అన్నీ అయ్యేసరికి రెండు వారాలు దాటింది. మునిగిన ఊళ్లకి అన్నం పొట్లాలు పంచుతూనే జనం ఆ బోట్ల వార్తలు టెన్షన్‌తో చూశారు. ఏ పడవ, ఎవరిది, ఏ గుంజకి, ఏ మోకుతో కట్టారు అన్నది రికార్డులో ఎందుకు ఉండాలో దీనికంటే వివరంగా ఎవరు చెప్పగలరు?

చివరికి జాలర్లు. వాళ్లను ఎవరూ అడగరనుకోవడం వాళ్ల గురించి తెలియకపోవడమే. సముద్రానికి వెళ్లే బోటుకి రిజిస్ట్రేషన్ నంబరుంటుంది, 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట చట్టం కింద లైసెన్సు ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపినప్పుడు వచ్చే సాయానికైనా, డీజిల్ రాయితీకైనా ముందు చూసేది ఆ కాగితాలే. నిజాంపట్నం హార్బర్‌లో ఏ సరంగునైనా అడగండి, ఈ మెసేజ్ చదివి వినిపిస్తే నవ్వుతాడు.

కాబట్టి నాగాయలంక బోటు మీద ఇంకా మనసుంటే, అమ్మేవాడి దగ్గర ముందు రిజిస్ట్రేషన్, సర్వే పత్రాలు అడగండి. ఆ తర్వాత కట్టబోయే రేవు ఎవరి చేతిలో ఉందో, పంచాయతీ వేలం వేసిందా, ఫారెస్టు హద్దు ఎక్కడిదాకానో తెలుసుకుని, జలవనరుల శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. పత్రాల్లేవు, తర్వాత చూసుకుందాం అంటే బేరం అక్కడితో ఆపేయండి.