సవరణ: ఆ మెసేజ్ పెట్టాల్సిన ఫైల్ వేరు

లినక్స్ సర్వర్‌లో షెల్ యాక్సెస్ (లాగిన్ అయి కమాండ్లు ఇచ్చే వీలు) లేని యూజర్లకు "ఈ అకౌంట్ అందుబాటులో లేదు" అనే పొడి మాటకు బదులు మన సొంత మెసేజ్ చూపాలంటే, ఈటీసీ డైరెక్టరీలో 'నోలాగిన్' అనే ఫైల్ పెట్టి అందులో రాయమని మొన్న చెప్పాను. అది తప్పు. అలా చేసినవాళ్లు ఉంటే ముందు ఆ ఫైల్ తీసేయండి. మామూలు లినక్స్ సెటప్‌లో అది ఉన్నంతసేపూ రూట్ (అడ్మిన్ అకౌంట్) తప్ప ఎవరూ లాగిన్ కాలేరు. మెయింటెనెన్స్ సమయంలో అందరినీ ఆపడానికి వాడే ఫైల్ అది.

మెసేజ్ కోసం అదే డైరెక్టరీలో కావలసింది 'నోలాగిన్ డాట్ టీఎక్స్‌టీ'. చివర ఆ నాలుగక్షరాలే తేడా, కానీ అవి లేకపోతే సర్వర్ మొత్తానికి తాళం పడుతుంది! ఇలాంటి యూజర్లకు షెల్ బదులు నడిచి మెసేజ్ చూపే నోలాగిన్ కమాండ్ మాన్యువల్ పేజీ మళ్లీ చదివితే బయటపడింది. రెండు పేర్లూ కలిపేసుకున్నాను.

ఇంకో మెలిక: ఈ ఫైల్‌ను చదివేది యుటిల్-లినక్స్ ప్యాకేజీతో వచ్చే నోలాగిన్ కమాండ్. షాడో అనే మరో ప్యాకేజీతో వచ్చే నోలాగిన్ దీన్ని పట్టించుకోదు. అది ఉన్న సిస్టమ్‌లో మెసేజ్ చూపించి 1తో (విఫలమైందని తెలిపే కోడ్) ఎగ్జిట్ అయ్యే చిన్న స్క్రిప్ట్ రాసి, దాన్నే ఆ యూజర్‌కు షెల్‌గా పెట్టండి. ఎగ్జిక్యూట్ పర్మిషన్ మరవొద్దు.