వేడి దుమ్ముది, నింద లినక్స్‌ది

మూడు వారాలుగా కడపలో ల్యాప్‌టాప్ ఉన్న కుర్రవాళ్ల ఫోన్లలో ఒకే సందేశం తిరుగుతోంది. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకుంటే ఉష్ణోగ్రత సెన్సర్లు పనిచేయవట. ఫ్యాను విండోస్ మాటే వింటుందట. తొంభై డిగ్రీలు దాటితే ఆపే దిక్కు లేక ప్రాసెసర్ మాడిపోతుందట. వారంటీ కూడా పోతుందట. రాయలసీమ ఎండల్లో అయితే అసలే వద్దట. చివర, పదిమందికి పంపి పుణ్యం కట్టుకోమన్న విన్నపం.

ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న దుకాణం నాది. ఈ సందేశం పుణ్యమా అని ఒక్క వారంలో నలుగురు "అన్నా, లినక్స్ తీసేయండి" అంటూ వచ్చారు. తీసేస్తే నాకు నాలుగు డబ్బులు వస్తాయి. కానీ జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి ఇచ్చినట్టవుతుంది. నెల తిరక్కుండా అదే మనిషి మళ్లీ వస్తాడు, ఈసారి నన్ను తిట్టడానికి.

"సెన్సర్లు విండోస్‌తోనే వస్తాయి." రావు. సెన్సర్ ఉండేది ప్రాసెసర్ సిలికాన్ లోపల. దాన్ని చదవడానికి లినక్స్ కెర్నెల్‌లో, అంటే సిస్టం గుండెకాయలో, ఇంటెల్ చిప్‌లకు కోర్‌టెంప్, ఏఎండీ చిప్‌లకు కె10టెంప్ అనే డ్రైవర్లు (హార్డ్‌వేరుతో మాట్లాడే ప్రోగ్రాంలు) ఏళ్ల తరబడి ఉన్నాయి. ఎల్ఎం సెన్సర్స్ అనే ప్యాకేజీ వేసుకుని, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో సెన్సర్స్ అని కొడితే డిగ్రీలు వరుసగా కనిపిస్తాయి.

ఈ పుకారుకు ప్రాణం పోసినవి దానితో పాటు తిరుగుతున్న రెండు స్క్రీన్‌షాట్లు. ఒకదానిలో ఉష్ణోగ్రత 62000 అని ఉంది, కింద వెక్కిరింపుతో. కెర్నెల్ తన ఫైళ్లలో ఉష్ణోగ్రతను మిల్లీడిగ్రీల్లో రాస్తుంది. వెయ్యితో భాగించండి, 62 వస్తుంది. రెండోది అంత తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ముట్టుకుంటే చెయ్యి కాలుతున్న యంత్రం మీద 27.8 డిగ్రీలే చూపిస్తోంది. ఆ అంకె నిజంగానే తప్పు. అయితే తప్పు రాసింది లినక్స్ కాదు. అది బయాస్‌లో, అంటే యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాంలో, తయారీదారు పెట్టిన ఏసీపీఐ జోన్. కరెంటు, వేడి సంగతులను బయాస్ సిస్టంకు చెప్పే పద్ధతినే ఏసీపీఐ అంటారు. కొన్ని బోర్డుల్లో ఆ జోన్‌కు అసలు సెన్సరే తగిలించరు, ఏదో ఒక అంకె రాసి వదిలేస్తారు. గోడ మీద గీసిన గడియారంలో టైము చూసినట్టు ఉంటుంది అది. చూడవలసింది దాని పక్కనే ఉండే కోర్‌టెంప్ వరుసను.

ఆ వరుస గురించి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఇంటెల్ సెన్సర్ 'నేను ఇంత వేడిగా ఉన్నాను' అని చెప్పదు, 'గరిష్ఠ పరిమితికి ఇంకా ఇన్ని డిగ్రీల దూరంలో ఉన్నాను' అని చెబుతుంది. పాత కోర్ 2 చిప్‌లలో ఆ పరిమితి ఎంతో డ్రైవరే ఊహించుకోవలసి వచ్చేది, ఊహ తప్పితే అంకెలన్నీ తప్పేవి. 2008లో వచ్చిన నెహాలెం తరం నుంచి చిప్ తన పరిమితిని తానే చెబుతోంది.

"ఫ్యాను విండోస్ మాటే వింటుంది." చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యానును తిప్పేది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే వేరే చిన్న చిప్. నమ్మకం కుదరకపోతే డిస్కు ఊడదీసి, ఆన్ చేసి, బయాస్ తెర ముందు కాసేపు కూర్చోండి. విండోసూ లేదు, లినక్సూ లేదు, ఫ్యాను మాత్రం తిరుగుతుంది. ఇంకో తమాషా ఉంది. బూట్ అవుతున్నప్పుడు ఏసీపీఐ కోడు 'నువ్వు విండోసేనా?' అని అడుగుతుంది. లినక్స్ కెర్నెల్ తడుముకోకుండా 'అవును' అంటుంది. విండోస్‌తో మాత్రమే పరీక్షించి అమ్మే బయాస్‌లతో వేగడానికి కెర్నెల్ రాసేవాళ్లు నేర్చుకున్న లౌక్యం ఇది.

ఈ మాటలో నిజం బొత్తిగా లేదనను. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో సరైన డ్రైవరు లేకపోతే పెద్ద చిప్ పని లేకున్నా మెలకువగా ఉండి, బ్యాటరీని తినేసి, వేడెక్కిస్తుంది. అలాంటిది దుకాణానికి వస్తే నేను మొదట చూసేది అదే. రెండోది, వీడియోలు చూసి ఫ్యాను వేగాన్ని చేత్తో మార్చేవాళ్ల సంగతి. లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల డ్రైవరు ఆ అధికారాన్ని మొదట మూసే ఉంచుతుంది, కావాలని తెరిస్తేనే తెరుచుకుంటుంది. శబ్దం పడదని ఫ్యానును ఆపేసి పడుకుంటే ఆ తప్పు లినక్స్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

"తొంభై దాటితే మాడిపోతుంది, ఆపేవారు ఉండరు." అసలు భయం ఇదే. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌ల గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీనికి ఎవరి అనుమతీ అడగదు. కెర్నెల్ ఆ సంగతిని లాగ్‌లో రాసుకుంటుంది, అంతే. మీకు మాత్రం ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నత్తనడక పట్టినట్టు అనిపిస్తుంది. ఇంటెల్ చిప్‌లలో ఇంకాస్త ముందే జాగ్రత్తపడాలంటే థర్మల్‌డి అనే ప్రోగ్రాం ఉంది. దాన్ని రాసింది ఇంటెలే.

అప్పటికీ వేడి పెరిగి బయాస్ చెప్పిన ప్రమాద రేఖ దాటితే కెర్నెల్ యంత్రాన్ని ఆపేస్తుంది. ఒకవేళ కెర్నెలే బిగుసుకుపోయి ఉంటే? అప్పుడు చిప్ నుంచి ఒక సంకేతం వెళ్లి కరెంటే తెగిపోతుంది. అది తీగల్లో ఉన్న ఏర్పాటు, ఏ సాఫ్ట్‌వేరూ అడ్డుకోలేదు. సందేశం రాసినవారు 'లినక్స్‌లో ల్యాప్‌టాప్ దానంతట అదే ఆఫ్ అయిపోతోంది, చూశారా' అని సాక్ష్యం చూపించారు. ఫ్యూజు ఎగిరిందని కరెంటు మేస్త్రీని తిట్టడం ఇలాగే ఉంటుంది.

అన్నట్టు, ఈ సందేశం మీరు చదివింది ఆండ్రాయిడ్ ఫోనులో అయితే దాని కెర్నెల్ కూడా లినక్సే. ఎండలో బండి మీద పెట్టిన ఫోను వేడెక్కి, హెచ్చరించి, తనను తాను ఆపుకున్నప్పుడు పనిచేసింది ఏమిటో కాస్త ఆలోచించండి.

వారంటీ సంగతికి ఒక్క ముక్క చాలు. డెల్ 2012 నుంచి ఉబుంటు అనే లినక్స్ వేసిన ఎక్స్‌పీఎస్ 13 ల్యాప్‌టాప్ అమ్మింది. లెనోవో 2020లో ఫెడోరా అనే మరో లినక్స్‌తో థింక్‌ప్యాడ్‌లు మొదలుపెట్టింది. వారంటీ కాగితాలతో సహా.

ఇక రాయలసీమ ఎండ. ఇక్కడ సందేశం సగం నిజం చెప్పి, నేరం వేరొకరి మీద వేసింది. చాలా ల్యాప్‌టాప్‌ల కాగితాల్లో 35 డిగ్రీల గది వరకే వాడమని రాసి ఉంటుంది. మే నెలలో కడపలో బయట నలభై దాటడం మామూలే, మిద్దె గదులు దానికేమీ తీసిపోవు. ఆ ఎండ ఏ సిస్టం వేసుకున్నా ఒకటే. పైగా ముందు దెబ్బ తినేది ప్రాసెసర్ కాదు, లిథియం బ్యాటరీ. ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్ వదిలేసి, తర్వాత లినక్స్‌ను అంటే ఏం లాభం?

వచ్చిన నలుగురిలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి యంత్రంలో రెండు సిస్టంలూ ఉన్నాయి. అయిదేళ్ల పాతది. పెద్ద ఫైళ్లను కుదించే పని అరగంట పెట్టాను: లినక్స్‌లో 97 డిగ్రీలు, విండోస్‌లో 96. అబ్బాయి ముఖం చిన్నబోయింది. అడుగు మూత విప్పితే, రాగి రెక్కలకూ ఫ్యానుకూ మధ్య బొంత ముక్కలాంటి దుమ్ము పొర అడ్డంగా ఉంది. పట్టకారుతో లాగితే తెగకుండా ఒకే ముక్కగా వచ్చింది. చిప్ వేడిని రాగికి అందించే పేస్టు ఎండిన సున్నంలా పొడి రాలింది. బ్లోయరు పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను పుల్లతో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది. కొత్త పేస్టు రాసి, మూత బిగించి, అదే పని మళ్లీ పెట్టాను. రెండింటిలోనూ 78 దాటలేదు.

హాస్టల్లో ఎక్కడ పెట్టుకుని వాడతావని అడిగాను. "బొంత మీద అన్నా" అన్నాడు. అలమరాలో కడప బండ ఉంది కదా, దాని మీద పెట్టుకో, అడుగున గాలి ఆడుతుంది అన్నాను. మిద్దె మీద గది అయితే మధ్యాహ్నం ఆ బండే సెగ కక్కుతుందనుకోండి, కనీసం గాలి రంధ్రాలైనా మూసుకోవు.

ఆ దుమ్ము ముక్కను కాగితంలో చుట్టి తీసుకెళ్లాడు. ఫొటో తీసి, సందేశం వచ్చిన గ్రూపులోనే పెట్టాడట. వచ్చిన మొదటి జవాబు: "విండోస్ ఒక్కటే వేసుకుని ఉంటే ఇంత దుమ్ము పట్టేది కాదు."