ఏనుగు కాదు, ఫియటు

నిన్న మా అన్నయ్య కొడుకు గృహప్రవేశానికి వెళ్లాను. విస్తట్లో ఇంకా పెరుగు పడలేదు, వాడు వచ్చి పక్కన నిలబడి అందరూ వినేటట్టు అన్నాడు: “బాబాయ్, ఆ ఫియట్‌ను ఇంకా ఎందుకు మోస్తున్నారు? పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తే కిలోల లెక్కన నాలుగు డబ్బులైనా వస్తాయి కదా!” బంతిలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చినా కడుపు మంట చల్లారలేదు, అందుకే ఈ పోస్టు.

ఈ సలహా ఇచ్చిన మహానుభావుడు అమెరికాలో ఉంటాడు. అక్కడ నిస్సాన్ స్కైలైన్ అనే పాత జపాన్ కారు కోసం డబ్బు కూడబెడుతున్నాడు. పాతికేళ్లు నిండిన విదేశీ కారునైతే ఆ దేశం పెద్దగా అడ్డు చెప్పకుండా రానిస్తుంది కాబట్టి, 1999 నాటి బండికి 2024లో ఆ వయసు నిండేదాకా వీడిలాంటివాళ్లంతా కాచుకుని కూర్చున్నారట. ఎందుకంత మోజు అంటే, చిన్నప్పుడు కంప్యూటర్ ఆటలో దాన్ని నడిపాడట! తెర మీద నడిపినదానికి లక్షలు పోయవచ్చు. వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మా నాన్నగారు స్టీరింగ్ పట్టించిన మా ఫియట్, అదే ప్రీమియర్ పద్మిని మాత్రం తుక్కు.

పాత కార్ల ధరల గుట్టంతా ఇంతే. పదిహేనేళ్ల వయసులో దేన్ని చూసి నోరెళ్లబెట్టామో, యాభైకి చేతిలో డబ్బు ఆడినప్పుడు దాన్నే వెతికి కొంటాం. 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100కు ఇవాళ లక్ష దాటి ఇస్తున్నవాళ్లు ఎవరు? కాలేజీ రోజుల్లో స్నేహితుడి బండి వెనుక కూర్చున్నవాళ్లే. ఆ తరం వెళ్లిపోతే ఆ ధరా వెళ్లిపోతుంది. అమెరికాలో కోటిన్నర తయారైన ఫోర్డ్ మోడల్ టికి జరుగుతున్నది అదే. దాన్ని ప్రాణంగా చూసుకున్న ముసలివాళ్లు పోయారు, మనవలకేమో ఆ మూడు పెడళ్లలో బ్రేకు ఏదో కూడా తెలియదు.

ఇది చెప్పగానే ఎవరో ఒకరు 2022లో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైన మెర్సిడెస్ వార్త పంపిస్తారు. అయ్యా, అలాంటివి ప్రపంచం మొత్తం మీద చేసినవే రెండు. ఆరో నిజాం కోసం తెప్పించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, దాని విలువా తగ్గదు. మా నాన్నగారు నిజాం కాదు కదా, పంచాయతీరాజ్‌లో ఇంజినీరు.

పైగా ప్రభుత్వం ఒకటి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండితేనే వింటేజ్. మాది 1979 మోడల్. అంటే ఇప్పటికి అది వారసత్వ సంపద కాదు, కాలుష్యం. కార్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022లో 600 నుంచి ఒక్కసారిగా 5,000 అయింది. సరే, యాభై నిండనిద్దాం అనుకుంటారా? వింటేజ్‌గా నమోదైన బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. కూరగాయలకు వెళ్తే నేరం!

ఇక సామాను సంగతి అడగకండి. తలుపుల రబ్బరు బీడింగ్ పోయి వానొస్తే ముందు సీటు కింద నీళ్లు నిలుస్తున్నాయి. ఇదివరకు ముంబైలో దొరికేది. అక్కడ పద్మిని ట్యాక్సీలే 2023 అక్టోబరుతో ముగిసిపోయాయి, ఇక వాటి సామాను ఎవరు తెప్పిస్తారు? ఉదయాన్నే చోక్ లాగి, స్టీరింగ్ పక్కనున్న గేరును పైకెత్తి వేయడం తెలిసిన మేస్త్రి మా ఊళ్లో ఒక్కడే మిగిలాడు. ఆయనకూ కళ్లు సరిగా ఆనడం లేదు.

ఇంత గుదిబండ నా మెడకు ఎలా పడిందంటారా? 2004లో మా ఇంట్లో పంపకాలు జరిగాయి. మా మేనమామ మధ్యవర్తి. బస్టాండు వెనుక స్థలం అన్నయ్యకు, కారు నాకు. “స్థలం ఎక్కడికి పోతుందిరా, కారు మాత్రం పాతబడేకొద్దీ బంగారం. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే” అని మామయ్య తేల్చేశారు. కారుకు అప్పటి ధర కాకుండా, రాబోయే ధర ఊహించి మరీ నా వాటాలో కలిపారు! స్థలానికి మాత్రం ఆ రోజు ధరే కట్టారు. నిన్న గృహప్రవేశం జరిగింది ఆ స్థలంలోనే.

ఆ ఇంట్లో తిని, ఆ ఇంటి పిల్లవాడి చేత నా వాటా కిలోల లెక్కన తూకం వేయించుకుని వచ్చాను. పంపకాలప్పుడు బంగారం, భోజనాలప్పుడు ఇనుమా? కిలోల లెక్కే సరైనదైతే, రండి, కాగితాలు మళ్లీ తీద్దాం, అదే లెక్కన తేడా ఎంతో తేల్చండి.

వదిన ఎప్పుడూ ఒకటే పాట: “మీకేం మరిది గారూ, మీ నాన్నగారి గుర్తు మీ దగ్గరే ఉంది.” ఉంది వదినా. ఆ గుర్తుకు ఏటా ఇన్సూరెన్సు కడుతున్నాను, రెండేళ్లకోసారి బ్యాటరీ మారుస్తున్నాను. మీ స్థలానికి బ్యాటరీ ఎప్పుడు మార్చారు?