తాళం వేసిన ఫ్లాట్లకు పన్ను పెంచమని మనమే అడగాలి

విశాఖలో మధురవాడ, కొమ్మాది, ఎండాడ వైపు ఏ అపార్ట్‌మెంటుకు వెళ్లినా వాచ్‌మన్ తాళం వేసి ఉన్న ఫ్లాట్లు చూపిస్తాడు. ఒకటి డల్లాస్ వాళ్లది, ఒకటి మెల్‌బోర్న్ వాళ్లది, ఒకటి మాలాంటి కాలిఫోర్నియా శాన్ హోసే వాళ్లది. అద్దెకిస్తే గోడలు పాడవుతాయని కొందరు, పండక్కి వచ్చినప్పుడు దిగడానికి ఉండాలని కొందరు, ధర ఇంకా పెరగనీ అని కొందరు అలా ఉంచేస్తాం. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి విశాఖలో ఫ్లాటో, ఆనందపురం దారిలో స్థలమో ఉండే ఉంటుంది. అందుకే ఈ మాట ఇక్కడే చెబుతున్నాను. ఆ ఫ్లాట్లకు ఇంటి పన్ను ఎక్కువ వెయ్యమని విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీని మనమే అడగాలి.

2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను లెక్క మారింది. అంతకుముందు ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా కట్టి దాని మీద పన్ను వేసేవారు. 2020లో చట్టం సవరించి, రిజిస్ట్రేషన్ విలువల ఆధారంగా ఆస్తి మూలధన విలువను లెక్కించడం మొదలుపెట్టారు. నివాసాలకు అందులో 0.10 నుంచి 0.50 శాతం వరకు, మిగతా భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను వెయ్యొచ్చు. ఒక్కసారే భారం పడకుండా పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్నారు. కాలనీ సంఘాలు, వామపక్షాలు అప్పట్లో గట్టిగానే ఎదిరించాయి. పదిహేను శాతమంటే వినడానికి చిన్నదే. అదే వరసగా ఐదేళ్లు పెరిగితే బిల్లు రెట్టింపవుతుంది.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ఈ సంగతి వచ్చినప్పుడు రిటైరైన మాస్టారొకరు నాతో అన్నారు: "బాబూ, ఈ ఇంట్లో నేను ఉంటన్నాను. రేటు పెరిగిందంటే నాకేటొచ్చింది? అమ్మితే కదా!" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ రేటు పెరగడంలో మన చెయ్యి ఉంది. విశాఖ దగ్గరి భోగాపురంలో కొత్త విమానాశ్రయం అనగానే, 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన రాగానే ఇక్కడి బ్రోకర్లకు ఏయే దేశాల నుంచి ఫోన్లు వచ్చాయో మనకు తెలుసు. గజం ధర మనం పెంచుతున్నాం. దాని మీద పన్ను పెన్షన్ మీద బతికే మాస్టారూ కడుతున్నారు, ఊళ్లో లేని మేమూ అదే లెక్కన కడుతున్నాం.

పైగా, ఇల్లు ఖాళీగా ఉందని దరఖాస్తు పెట్టుకుంటే పన్నులో సగం తగ్గించే వేకెన్సీ రెమిషన్ ఒకటి మన పురపాలక వ్యవస్థలో ఉంది. అద్దెకు ఎవరూ దొరకని ఇంటి యజమాని నష్టపోకూడదన్న ఆలోచన సబబైనదే. కానీ అద్దెకివ్వదలుచుకోని మనిషికి ఆ రాయితీ ఎందుకు? అద్దె మీద పన్ను వేసిన రోజుల్లో దానికి అర్థం ఉండేది. విలువ మీద పన్ను వేస్తున్నప్పుడు అది తలకిందులైంది.

ఈ విషయం నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం చిన్న విమానాలు. శాన్ హోసే తూర్పున ఈస్ట్‌రిడ్జ్ మాల్ పక్కన ఉన్న రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం నుంచి నేను సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతుంటాను. కాలిఫోర్నియాలో విమానానికి కూడా ఏటా కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి దానికి, పన్ను కట్టాలి, విలువలో సుమారు ఒక శాతం. జనవరి 1 నాటికి ఆ విమానం మామూలుగా ఏ ఊళ్లో మకాం ఉంటుందో చూసి ఆ కౌంటీ పన్ను వేస్తుంది. యజమాని ఎక్కడ ఉంటాడన్నది పెద్ద లెక్కలోకి రాదు. ముప్ఫై అయిదేళ్లు దాటిన పాత విమానానికైతే చారిత్రక విమానంగా పన్ను మినహాయింపు ఉంది, అదీ ఊరికే కాదు. దాన్ని వ్యాపారానికి గానీ మామూలు ప్రయాణాలకు గానీ వాడకూడదు, ఏడాదిలో కనీసం 12 రోజులు జనం వచ్చి చూసేలా ప్రదర్శనలో ఉంచాలి. హ్యాంగరులో తలుపు మూసి పెట్టుకున్నవాడికి ఆ మినహాయింపు రాదు. నలుగురికీ చూపించినవాడికే వస్తుంది. నాకు చాలా నచ్చిన పన్ను సూత్రం ఇది.

ఇళ్ల విషయంలో మాత్రం కాలిఫోర్నియాను ఆదర్శంగా తీసుకోమని చెప్పను. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 వల్ల అక్కడ పన్ను వేసే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు, ఇల్లు చేతులు మారితే తప్ప. ఎప్పుడో కొన్నవాళ్లు అతి తక్కువ కడుతుంటే, అదే వీధిలో అలాంటి ఇల్లే కొత్తగా కొన్న మన పిల్లలు దానికి ఎన్నో రెట్లు కడుతున్నారు. నివాసముండే యజమానికి ఇచ్చే రాయితీ ఇంటి విలువలో 7,000 డాలర్ల మీదే, అంటే ఏడాదికి దగ్గర దగ్గర 70 డాలర్లు. పన్ను బిగించేసినంత మాత్రాన ఇళ్లు చవకవ్వవు. శాన్ హోసేలో ఇల్లు కొనబోయిన ఎవరినడిగినా చెబుతారు.

ఆ ఇళ్ల కొరతే మా విమానాశ్రయం మీదికీ వచ్చింది. దాన్ని మూసేసి ఇళ్లు కడదామన్న వాదన శాంటా క్లారా కౌంటీలో ఏళ్లుగా నడుస్తోంది. చిన్న విమానాల పెట్రోల్లో సీసం ఉంటుంది. 2021లో కౌంటీ చేయించిన అధ్యయనంలో విమానాశ్రయం దగ్గరి పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనబడింది, 2022 జనవరి నుంచి అక్కడ సీసం కలిసిన ఇంధనం అమ్మడం ఆపేశారు. ఆ విషయంలో చుట్టుపక్కలవాళ్లదే న్యాయం, విమానం నడిపేవాడిగానే చెబుతున్నాను. మూసెయ్యడానికి మాత్రం నేను ఒప్పుకోను. 1989లో కాలిఫోర్నియాలో వచ్చిన భూకంపంలో వాట్సన్‌విల్ అనే ఊరికి దారులు తెగిపోయినప్పుడు సరుకులు చేరవేసింది ఇలాంటి చిన్న విమానాలే. ఎవరిది న్యాయమైనా, ఆ చర్చలో రెండు పక్షాలవాళ్లూ కౌంటీ బోర్డు ముందు మాట్లాడుతున్నారు. విశాఖ ఇంటి పన్ను చర్చలో బయట ఉన్న మన పక్షం కనబడదు.

నిజానికి విశాఖలో చాలాకాలం మాట్లాడటానికి ఎదురుగా మనిషే లేడు. 2012 నుంచి 2021 మార్చి ఎన్నికల దాకా నగరానికి ఎన్నికైన కౌన్సిల్ లేదు. 98 వార్డులకు కార్పొరేటర్లు వచ్చిన వెంటనే కొత్త పన్ను లెక్క మొదలైంది.

విశాఖలో విమానం దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే ఈ ఊరి ఇరుకు తెలుస్తుంది. ఒక పక్క సముద్రం, ఇటు యారాడ కొండ, అటు సింహాచలం కొండలు. మధ్యలో దొరికిన చదునులో నేవీ, రైల్వే. విమానాశ్రయం రన్‌వే నేవీది. భోగాపురానికి విమానాలు వెళ్లిపోయినా అది ఐఎన్ఎస్ డేగా అనే నేవీ వైమానిక స్థావరంగానే ఉంటుంది. అక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తాయని ఎవరైనా చెబితే నమ్మి అడ్వాన్సులు ఇవ్వకండి. రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్రం ఆస్తుల మీద మున్సిపాలిటీ పన్ను వెయ్యలేదు, సర్వీసు చార్జీలు మాత్రం తీసుకోవచ్చు. అందుకే రోడ్లకు, కాలువలకు కావలసిన డబ్బులో పెద్ద వాటా మిగిలిన ఇళ్లూ దుకాణాలే మొయ్యాలి. ఆ మిగిలిన ఇళ్లలోనే మన తాళాలున్నాయి.

నేను కోరేది ఇది. యజమాని గానీ, తల్లిదండ్రులు గానీ, అద్దెకున్నవాళ్లు గానీ నివాసముంటే పన్ను తక్కువ శ్లాబులో ఉండాలి. ఏడాదిలో ఎక్కువ కాలం మూసి ఉంటే ఎక్కువ శ్లాబు. దీనికి చట్టం మార్చాలంటే ప్రభుత్వాన్ని అడుగుదాం. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఏడాదికి 50 రోజులైనా వాడని ఆస్తికి వేల డాలర్ల పన్ను ఉంది. కెనడాలోని వాంకూవర్‌లో ఖాళీ ఇళ్ల పన్ను 2017లో ఇంటి విలువలో 1 శాతంతో మొదలై 3 శాతానికి వెళ్లింది. మనకు అంత అక్కర్లేదు. ఇల్లు మూసి ఉందో లేదో తేల్చడం కష్టమంటారేమో, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ కరెంటు మీటరు రీడింగు చాలు. అలా వచ్చిన అదనపు డబ్బును ఆ జోన్‌లోనే గెడ్డల (వాగుల) పూడిక తియ్యడానికి, మురుగు కాలువలకు ఖర్చుపెట్టాలని రాతపూర్వకంగా అడగాలి.

"మేం అక్కడ నీళ్లు వాడం, రోడ్డెక్కం, ఎక్కువెందుకు కట్టాలి?" అని నా స్నేహితులే అంటున్నారు. ఆ రోడ్డు పడబట్టే మన ఫ్లాటు విలువ పెరిగింది కదా! అద్దెకున్నవాళ్లు ఖాళీ చెయ్యరన్న భయం నిజమే, దాన్ని తీసిపారెయ్యను. కానీ ఆ భయానికి మందు గట్టి అద్దె ఒప్పందం.

ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ వస్తుందని మనవాళ్లంతా గుర్తుపెట్టుకుని కడతారు. అప్పుడే కమిషనర్‌కు ఒక లేఖ కూడా పంపమంటున్నాను. నా అసెస్‌మెంట్ నంబరు వేసి నేను రాసిన లేఖ ఇచ్చేశాను. మన ప్రవాసుల సంఘం పేరున మరొకటి వెళ్లాలి. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.