ఫుడ్ బ్యాంకు వాళ్లకి రాజకీయాలెందుకంటే...

ఫుడ్ బ్యాంకంటే విరాళంగా వచ్చిన సరుకుల్ని అవసరమున్నవాళ్లకి ఊరికే పంచే చోటు. మొన్న కెనడాలోని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన మెసేజ్ పెట్టారు. "బియ్యం అడిగితే ఇస్తాం, పప్పు అడిగితే ఇస్తాం. ఈ ఫుడ్ బ్యాంకుల వాళ్లు అద్దెలనీ, వెల్ఫేర్ అనీ గవర్నమెంటుతో పేచీ పెట్టుకోవడం దేనికి? వాళ్ల పని వాళ్లు చూసుకోవచ్చు కదా!" అక్కడే జవాబు రాయబోతే పొడుగైపోయింది. అందుకే ఇక్కడ.

అంకుల్, అదీ వాళ్ల పనే.

టొరంటో పక్కనున్న మిస్సిస్సాగాలో ఒక ఫుడ్ బ్యాంకుకి నెలకు రెండు శనివారాలు వెళ్తుంటాను, సామాన్లు సర్దడానికి. మొదట్లో నాదీ మీ మాటే. ఒకరోజు సెక్యూరిటీ గార్డు ఒకాయన నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చి లైన్లో నిలబడ్డాడు. ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది. వచ్చింది వచ్చినట్టు బేస్‌మెంట్ అద్దెకే సరిపోతోందట. నేనిచ్చిన బీన్స్ డబ్బాలూ పాస్తా నాలుగు రోజులొస్తాయేమో. ఐదో రోజు?

కెనడాలో మొదటి ఫుడ్ బ్యాంకు 1981లో ఎడ్మంటన్‌లో మొదలైంది. కష్టకాలం గట్టెక్కేదాకా నడిపితే చాలనుకున్నారు. ఆ 'దాకా' ఇంకా రాలేదు. 2024 మార్చి ఒక్క నెలలోనే దేశమంతటా ఫుడ్ బ్యాంకులకు జనం 20 లక్షల సార్లకు పైగా వచ్చారు. 2019 మార్చి కంటే ఇది దాదాపు రెట్టింపు. వాళ్లలో ఐదింట ఒక వంతు మంది దాకా ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లే. ఈ లెక్క కట్టిందెవరు? ఏటా మార్చిలో ఫుడ్ బ్యాంకులే తమ రిజిస్టర్లు చూసి లెక్కేసి, హంగర్‌కౌంట్ పేరుతో బయటపెడతాయి. నన్నడిగితే అక్కడున్న అన్ని డబ్బాల కంటే ఆ రిజిస్టరే విలువైనది.

2024 నవంబరులో మిస్సిస్సాగా కౌన్సిల్ ఆహార అభద్రతని ఎమర్జెన్సీగా ప్రకటించిందంటే వెనకుండి అడిగింది ఇక్కడి ఫుడ్ బ్యాంకు వాళ్లే. మరుసటి నెలలో టొరంటో కూడా ప్రకటించింది. దాంతో ఎవరి కంచమూ నిండలేదు, ఒప్పుకుంటాను. సిటీ చేతిలో ఉన్నది తక్కువ. వెల్ఫేర్, అంటే ఆదాయం లేనివాళ్లకి నెలనెలా ఇచ్చే సాయం, ప్రొవిన్స్ (ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం) ఇవ్వాలి. ఒంటరి మనిషికి మా ప్రొవిన్స్ ఒంటారియో ఇచ్చేది నెలకు 733 డాలర్లు, అదీ 2018లో ఎంతో ఆ తర్వాతా అంతే. ఆ డబ్బుతో అద్దె కట్టి అన్నం తినమనండి చూద్దాం.

అలాగని ఫుడ్ బ్యాంకుల మీద నాకు కోపం లేదా అంటే, ఉంది. పక్క ఊరు బ్రాంప్టన్‌లో ఒకచోట విదేశీ విద్యార్థులు రావద్దన్నారు. అప్పుడు మన గ్రూపులో "పరువు తీస్తున్నారు" అని పిల్లల్నే తిట్టాం. ఖర్చులకి 10,000 డాలర్లు చూపిస్తే చాలని ఏళ్ల తరబడి వీసాలిచ్చింది ప్రభుత్వం. 2024 జనవరిలో గానీ దాన్ని 20,635కి పెంచలేదు. లెక్క తప్పింది ఎవరిది మరి? పెద్ద పెద్ద కంపెనీల దగ్గర విరాళాలు తీసుకునేటప్పుడు, ఆ కంపెనీలు ఇచ్చే జీతాల గురించి మాట్లాడటానికి ఫుడ్ బ్యాంకులకి నోరు పెగలదని కూడా నా అనుమానం.

ఊళ్లో మా అమ్మ రేషన్ షాపుకి వెళ్తే, కాటా కాస్త అటూ ఇటూ అయినా డీలర్ని అందరి ముందూ దులిపేసేది. కార్డు ఉంది, 2013 నుంచి ఆహార భద్రత చట్టమూ ఉంది. ఆ బియ్యం తనవే అని ఆమెకి తెలుసు. ఇక్కడ సంచి అందుకుంటూ "సారీ" అంటారు, ఆ వెంటనే "థాంక్యూ" అంటారు. ఇదేంటి తక్కువిచ్చారని గొడవపడిన మనిషిని నేనింతవరకూ చూళ్లేదు.

వచ్చే నెల మీరు బియ్యం బస్తాలు తెస్తున్నారని విన్నాను అంకుల్. బ్యానర్ కట్టి ఫొటోలు దిగండి, తప్పేం లేదు. లోపల టేబుల్ మీద మన ప్రొవిన్స్ ఎమ్మెల్యేకి (ఇక్కడ ఎంపీపీ అంటారు) రాసిన ఉత్తరాల కట్ట ఉంటుంది, పెన్ను కూడా అక్కడే ఉంటుంది. ఒకటి తీసుకుని సంతకం పెట్టి వెళ్లండి.